గునుగుపూల రంగు

"నీ కోడలికి చెప్పు, గోడ కూలినంక తానం ఎక్కడ చేస్తదో."

మా మామ నారాయణ ఈ మాట మా అత్త కిష్టవ్వతో అన్నాడు. అత్త ఆయన పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, అంత గట్టిగా అనాల్సిన అవసరమే లేదు. కానీ నేను బాత్రూంలో ఉన్నాను, తలుపు మూసి ఉంది, నీళ్ళ చప్పుడు ఉంది. ఆ మాట తలుపునూ నీళ్ళ చప్పుడునూ దాటి నా దాకా రావాలి కదా. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నాతో నేరుగా మాట్లాడింది లేదు. కూరలో ఉప్పు తక్కువైనా, స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చినా "నీ కోడలికి చెప్పు" అని మొదలుపెడతాడు. అత్త చెప్పదు. చెప్పాల్సిన పని ఉండదు. నాతోపాటు కోరుట్లలోని మా వాడకట్టుకంతా తెలిసిపోతుంది.

నెత్తి మీద పోసుకోబోతున్న చెంబును అలాగే బకెట్‌లోకి దించాను. మోచేతుల మీద ఇంకా సబ్బు నురగ ఉంది. దాన్ని తువ్వాలతోనే తుడిచేసి, ఒక పాత గుడ్డ తీసుకుని నేల తుడిచాను, తలుపు అడుగు తుడిచాను, నల్లా మూతి కూడా తుడిచాను. కొన్నేళ్ళుగా ఇదే నా అలవాటు. ఆ గదిలో ఎవరో స్నానం చేశారన్న గుర్తే లేకుండా చేసి బయటికి వస్తాను. దొంగలు కూడా ఇంత శుభ్రంగా పెట్టి పోరు.

ఈ బాత్రూం సంగతి చెప్పాలి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ ఇంట్లో స్నానం అంటే పెరట్లో జాలారి. నేల మీద ఒక బండ, మూడు వైపులా నడుమెత్తు గోడ, నాలుగో వైపు అత్త పాత చీర. తెల్లవారకముందే కూర్చుని పోసుకోవాలి, లేచి నిలబడితే పక్కింటికి భుజాలు కనిపిస్తాయి. మామ అటువైపు రావాల్సి వస్తే దగ్గేవాడు. మర్యాద తెలియని మనిషి అనను. కానీ సబ్బు రుద్దుకున్నంతసేపూ ఆ దగ్గు ఎప్పుడు వినిపిస్తుందోనని చెవులన్నీ అటే పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో దగ్గి పోయేవాళ్ళకు తెలియదు. నేను మూడో తరగతికి చెప్పే ప్రైవేటు స్కూల్లోనూ ఇదే కథ. టీచర్ల టాయిలెట్‌కు లోపల గొళ్ళెం లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట కాపలా. కరస్పాండెంట్ సారుకు చెప్తే, "ఆడోళ్ళే గద మేడం, ఒకలకొకలు నిలవడితే ఏమైతది" అన్నాడు. అందుకే జీతం కూడబెట్టుకుని వెనకగది మూలకు ఈ బాత్రూం కట్టించుకున్నప్పుడు, టైల్స్ ఏ రంగువి అని మేస్త్రీ అడిగితే నేను గొళ్ళెం గురించి చెప్పాను. ఏనుగు వచ్చి నూకినా ఊడిరావద్దు అన్నాను. మొదటిరోజు లోపల గొళ్ళెం పెట్టుకుని అసలు స్నానమే చేయలేదు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఎవరూ దగ్గలేదు. నవ్వొచ్చింది. పెళ్ళయ్యాక నాలో నేను, ఎవరికీ ఎందుకో చెప్పాల్సిన పనిలేకుండా నవ్వుకున్నది అదే మొదటిసారి.

ఆ సుఖం మూణ్ణాళ్ళ ముచ్చటైంది. బాత్రూం కట్టిన ఏడాదే వెనకగది గోడకు నడుమెత్తులో చెమ్మ కనిపించింది. మొదట చపాతీ అంత, తర్వాత చాట అంత. సున్నం పొరలుపొరలుగా ఊడింది, ఉప్పు పూసింది, గోడకు ఆనించిన బీరువాలో నా పట్టుచీరల మడతలు బూజు వాసన వేశాయి. ఆ గోడ మా ఒక్కరిదే కాదు. తాతల నాటి మట్టిగోడ, రెండు మూరల మందం. మాది ఒకప్పుడు గూనపెంకుటిల్లు, పెంకులు తీసి స్లాబు పోశారు. గోడకు అవతల టైలర్ లతీఫుద్దీన్ గారి రేకుల ఇల్లు. రెండిళ్ళకూ అదొక్కటే గోడ.

మా ఆయన శ్రీశైలం రంగుల దుకాణంలో పనిచేస్తాడు. ఊళ్ళో ఎవరింటి గోడకు చెమ్మ వచ్చినా సలహా చెప్పేది ఆయనే. ప్రతి దసరాకూ చెమ్మను ఆపే కొత్త డబ్బా ఒకటి తెచ్చి మా గోడకు పూస్తాడు. చలికాలం దాటకముందే అది అప్పడంలా ఉబ్బి రాలిపోతుంది. ఒకసారి నేను ఊరుకోలేక, "ఇంట్ల ఆగని రంగు ఊరోళ్ళకు ఎట్ల అమ్ముతున్నవ్" అన్నాను. దానికి ఆయన, "రంగు మంచిదే. నీ తడే ఎక్కువైంది" అన్నాడు.

నీ తడి. ఆ రెండు మాటలు నాలో ఎక్కడో దిగబడిపోయాయి. తలస్నానం వారానికి రెండుసార్లు ఎందుకు, చీర జాడించడానికి అన్ని నీళ్ళెందుకు, "మా కాలంల గిన్ని నీళ్ళు వోసుకున్నమా" అని అత్త, "బాత్రూం రాకముందు గోడ రాయి తీరుగుండె" అని ఆయన, "నీ కోడలికి చెప్పు" అని మామ. ఇంటికి వచ్చిన చుట్టం కూడా గోడ చూసి, తర్వాత బాత్రూం తలుపు చూసి, ఆ తర్వాత నన్ను చూసేది. మెల్లగా నేనూ నమ్మేశాను. నాకు నీళ్ళంటే ఆశ ఎక్కువేమో, నా ఒంటికే ఏదో అతి ఉందేమో అనుకున్నాను. ఒక్క బకెట్‌తో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎండాకాలం సెలవుల్లో చందుర్తిలో మా అమ్మ దగ్గరికి పోయి చాలా రోజులుండి వచ్చాను, అన్నాళ్ళూ ఆ బాత్రూం ఎండిపోయి ఉంది. వచ్చి చూస్తే గోడ ఎప్పటిలాగే తడిగా ఉంది. సంతోషంగా శ్రీశైలాన్ని పిలిచి చూపించాను. "మట్టిగోడ, ఆరనీకి టైం వడ్తది" అన్నాడు. నేరం ఎవరు చేశారో ముందే రాసిపెట్టుకున్నాక సాక్ష్యాలతో ఎవరికి పని.

ఈ ఏడు ఇక దసరా కాగానే బాత్రూం పడగొట్టించాలని మామ తీర్మానించాడు. మేస్త్రీతో కూడా మాట్లాడాడు. "మరి నా తానం?" అని శ్రీశైలాన్ని అడిగితే, "జాలారి ఉన్నది గద, దానికి రేకు తలుపు పెట్టిద్దాం" అన్నాడు, వరమిస్తున్నట్టు. ఇందులో చిత్రమేమిటంటే, మేస్త్రీ పోయి అడిగితే గోడ అవతలి లతీఫుద్దీన్ గారు కూడా సరే అన్నారట. ఆయనకూ మామకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. నా బాత్రూంకు నీళ్ళు రావాలని స్లాబు మీద ట్యాంకు పెట్టించినప్పుడు, అది నిండి పొర్లిన నీళ్ళు పైపులోంచి వాళ్ళ రేకుల మీద పడేవి. ఆయన వచ్చి, "నారాయణన్నా, పొద్దుగాల పొద్దుగాల ఇంటి మీద డప్పు కొట్టినట్టుంటున్నది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. మామకు పౌరుషం వచ్చింది. "నా ఇంటి నీళ్ళు ఒక్క చుక్క నీ మీద పడితే అడుగు" అని తనే పైకెక్కి పైపును మా గోడ మూలకు మలిపాడు. అప్పట్నుంచి ఒకరు వస్తుంటే ఇంకొకరు మొహం తిప్పుకుంటారు. అలాంటి ఇద్దరు పెద్దమనుషులు ఆరేళ్ళ తర్వాత ఏకమైన ఒకే ఒక్క విషయం నా బాత్రూం కూలగొట్టడం.

మగవాళ్ళకు మాటల్లేకపోతే ఆడవాళ్ళకు బట్టలు ఉంటాయి. లతీఫుద్దీన్ గారి కోడలు జేబా వాళ్ళ వంటింటి మీది చిన్న స్లాబు మీద బట్టలారేస్తుంది, నేను మా స్లాబు మీద. మధ్యలో వాళ్ళ రేకులు. పొద్దునపూట ఆ రేకుల మీదుగా మా మాటలు నడుస్తుంటాయి. ఆ రోజు నేను దిగులుగా ఉన్నానని చూసి జేబా అడిగింది.

"అక్కా, మీ బాత్రూం తీసేస్తరట గద."

"ఔ. నేను నీళ్ళు ఎక్కువ వోసుకుంటనట, గోడ తడుస్తున్నదట."

జేబా చేతిలో ఉన్న లాల్చీని తీగ మీద వేయకుండా అలాగే పట్టుకుంది. "నిన్ను సుత అంటున్నరా? నన్ను అంటరక్కా. మా సింకు గా గోడకే ఉన్నది. గిన్నెలు కడిగినప్పుడల్లా మా మామ, 'బేటీ, దర్యా లెక్క నీళ్ళు పారిస్తున్నవా' అంటడు. నేను గిప్పుడు ఒక గంజుల నీళ్ళు వట్టి గిన్నెలన్ని అండ్లనే కడుగుతున్న, నల్లా ఇప్పుతలేను."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఒకే గోడకు అటు ఆమె, ఇటు నేను, ఒకే చెమ్మకు ఇద్దరం నేరస్తులం. ఇన్నాళ్ళూ నా తడి అని నేను, తన తడి అని ఆమె, ఇద్దరం నల్లాలు బిగించుకుని తిరుగుతున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. జేబా నవ్వుతూ కింద కూర్చుండిపోయింది. నేను తీగ పట్టుకున్నాను, అది వంగి తడిబట్టలన్నీ స్లాబు మీద పడ్డాయి. మళ్ళీ పిండుకోవాలి. పిండుకుంటే పిండుకున్నాం, అలాంటి నవ్వు కోసం ఇంకో దండెం బట్టలైనా పిండొచ్చు.

బతుకమ్మ దగ్గరికి వచ్చింది కాబట్టి ఇంట్లో రంగు పొట్లాలున్నాయి. తెల్లటి గునుగుపూలను కట్టలు కట్టి ఆ రంగు నీళ్ళలో ముంచితే గులాబీవీ పచ్చవీ అవుతాయి. వాటి పొరలు లేకుండా మా దగ్గర బతుకమ్మ లేవదు. ఆ రంగు చేతులకంటితే పండుగ అయిపోయినా పోదు. ఆ ఆలోచన జేబాదే. "అక్కా, గా రంగు నీ బాత్రూంల కలుపు, నేను సింకుల కలుపుత. గోడకు ఎవల రంగు అస్తే వాళ్ళది తప్పు." నేను గులాబీ తీసుకున్నాను, ఆమెకు పచ్చ ఇచ్చాను. బాత్రూం తూముకు గుడ్డ కుక్కి రంగునీళ్ళు నిలబెట్టాను, రోజూ స్నానం ఆ నీళ్ళలోనే నిలబడి చేశాను. అరికాళ్ళు గులాబీగా మారి స్కూల్లో పిల్లలు "టీచర్, పారాణి పెట్టుకున్నరా" అని అడిగారు. రోజులు గడిచాయి. గోడ తడిగానే ఉంది, ఎప్పటి రంగులోనే ఉంది. జేబా ఫోన్లో తన వైపు గోడ ఫొటో పంపింది. అక్కడా ఏ రంగూ లేదు. ఆ ఫొటో చూస్తూ బీరువా పక్కన నేల మీద కూర్చుండిపోయాను. నాది కాదు. ఈ చెమ్మ నాది కాదు. ఇంత చిన్న వాక్యం ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

శ్రీశైలానికి చెప్పాను. అరికాళ్ళు చూపించాను, గోడ చూపించాను. ఆయన ఫోన్లోంచి తలెత్తి, "నువ్వు బడిల పోరగాండ్లకు సైన్స్ చెప్పు, నాకు చెప్పకు. దసరా ఎల్లంగనే మేస్త్రీ అస్తడు" అన్నాడు. కొంతమందికి తెలియజెప్పడం కుదరదు, కనపడేలా చేయాలి.

మర్నాడు పైన బట్టలారేస్తుంటే జేబా రేకుల చివర నుంచి గోడ మూలకేసి వేలు చూపించింది. "వానలు పోయి ఎన్ని దినాలాయె. గీడ నాచు ఎట్ల వట్టిందక్కా?" వంగి చూశాను. అది మామ మలిపిన పైపు. కింద మామ మోటరు వేసి, ఎప్పటిలాగే చౌరస్తా హోటల్‌కు చాయ్‌కి పోయాడు. ట్యాంకు నిండినట్టుంది, పైపులోంచి నీళ్ళు చప్పుడు లేకుండా జారుతున్నాయి. ఇంటి నీళ్ళ పనంతా తనదేనని మామ గొప్పగా చెప్పుకుంటాడు. ఆయన చేసే ఒక్క పనీ ఆ మోటరు స్విచ్ వేయడం. చాయ్, పేపరు, ఊళ్ళో ముచ్చట్లు అన్నీ అయ్యాక వచ్చి బంద్ చేస్తాడు. రేకుల మీద పడ్డన్నాళ్ళు ఆ డప్పుకు వాడంతా లేచి ట్యాంకు నిండిందని చెప్పేది. మూలకు మలిపాక చెప్పేదెవరు. కానీ అసలు వింత అది కాదు. అన్ని నీళ్ళు పడుతున్నాయి, మూలలో మడుగు లేదు, ఎటూ పారడమూ లేదు. పిడికెడంత బొక్క ఒకటి ఉంది, నీళ్ళు అందులోకి పోతున్నాయి. చెవి ఆనించాను. గుటగుటమని చప్పుడు. ఆరేళ్ళుగా మా గోడ పొద్దున్నే లేచి కడుపునిండా నీళ్ళు తాగుతోంది. పక్కనే నేను ఒక్క బకెట్‌తో స్నానం చేసి నేల తుడుచుకుంటున్నాను.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు సంతోషం వచ్చి కూర్చుంది, కోపానికి చోటివ్వలేదు. కిరాణా కొట్టుకు పోయి మిగిలిన గులాబీ పొట్లాలన్నీ కొన్నాను. "ఏం మేడం, ఊరందరి బతుకమ్మ మీరే పేరుస్తరా" అని కొట్టతను అడిగాడు. ఔనన్నాను.

పెత్రమాస, పెద్దల అమావాస్య, తెల్లవారింది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, పొద్దున మగవాళ్ళు స్నానం చేసి పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చి రావాలి. వంటకూ తాగడానికీ బిందెలన్నీ ముందే నింపి పెట్టాను. మామ మోటరు వేసి హోటల్‌కు పోగానే పొట్లాలు కొంగులో వేసుకుని మెట్లెక్కాను. సగం మెట్ల మీద అత్త ఎదురైంది, పైన ఎండబెట్టిన వడియాలు తీసుకుని దిగుతోంది. నా కొంగు చూసింది, నా మొహం చూసింది.

"గునుగుపూలు కిందున్నయి, రంగు మీదికి కొంటవోతున్నవా?"

"ఔనత్తమ్మా."

అత్త పక్కకు జరిగి దారిచ్చింది.

ట్యాంకు మూత తీసి పొట్లాలన్నీ గుమ్మరించి, కర్రతో కలిపాను. కాసేపటికి పైపులోంచి గులాబీ నీళ్ళు జారి బొక్కలోకి పోవడం మొదలైంది. అవతల స్లాబు మీద జేబా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను కిందికి దిగి బుద్ధిమంతురాలైన కోడలిలా పప్పు కడిగాను.

మామ వచ్చి మోటరు బంద్ చేసి జాలారిలోకి పోయాడు. వేడినీళ్ళ బకెట్‌లో చన్నీళ్ళు తనే నల్లా తిప్పి కలుపుకుంటాడు, ఆయన బకెట్ ఎర్రది, జాలారి గోడల నీడలో నీళ్ళ రంగు తెలియలేదు. స్నానం చేసి తెల్ల తువ్వాలతో తుడుచుకుని, తెల్ల బనీను వేసుకుని వెలుతురులోకి వచ్చాడు. తువ్వాల గులాబీ. బనీను గులాబీ. మీసం కూడా కొద్దిగా. వాకిట్లో పళ్ళు తోముకుంటున్న శ్రీశైలం నోట్లో నీళ్ళు ఉమ్మేసి, ఆ ఉమ్మును చూసి భయపడిపోయాడు.

"నెత్తురస్తున్నదే, సరితా."

"నెత్తురు కాదు. నల్లాల నీళ్ళే గట్లున్నయి" అన్నాను.

మామ తన బనీనును చూసుకుని, "ఈ నీళ్ళకేమైంది, ఎవలు చేసిండ్రు గీ పని" అని అరిచాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అంది, "బతుకమ్మ పండుగ. రంగు ఏడనన్న వడ్తది. గింతదానికి లొల్లి ఎందుకు." ఈ ఇంట్లో నా పక్షాన పడిన మొదటి మాట అది.

బియ్యం ఇవ్వడానికి ఏ బట్టలు కట్టుకుని పోవాలా అని మామ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, గోడ అవతల నుంచి జేబా గొంతు ఖంగుమంది. "సరితక్కా, అచ్చింది. మా గోడకు అచ్చింది." నేను వెనకగదిలోకి పరుగెత్తాను. నా వెనక శ్రీశైలం, ఆయన వెనక గులాబీ బనీనుతో మామ. చాట అంత చెమ్మ మధ్యలో, నడుమెత్తు దగ్గర, గులాబీ రంగు ఊరుతోంది. సన్నటి చార ఒకటి గోడ మీద మెల్లగా కిందికి దిగుతోంది. శ్రీశైలం వేలితో తాకి వేలు చూసుకున్నాడు. తర్వాత తండ్రి బనీను చూశాడు. రెండూ ఒకే రంగు. రంగుల దుకాణంలో పనిచేసే మనిషికి ఇంకేం చెప్పాలి.

"ట్యాంకుల పోసిన రంగు" అన్నాను. "పొర్లిన నీళ్ళు పైపులకెల్లి గోడలకు పోతున్నయి. రోజూ. బాత్రూంల కలిపిన రంగు ఒక్క చుక్క రాలే."

అత్త ముందుకు వచ్చి ఆ చార మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి పైకి, గోడ వెంబడి కప్పు దాకా చూసింది.

"గీడ గుంజ ఉండె" అంది. "గోడల నిలవెట్టిన టేకు గుంజ. గా గుంజను వట్టుకునే నిన్ను కన్న." ఇది శ్రీశైలంతో. "స్లాబు వోసిన్నాడు గుంజ ఊడవీకి, బొక్కల ఇంత ఇసుక వోసి మీద సిమెంటు రాసిండ్రు. పై నుంచి కింది దాక బొక్కనే. నాకు ఎరుకే."

"ఎరుకుంటే ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అమ్మా" అన్నాడు శ్రీశైలం.

"నన్ను అడిగినోడెవడు" అంది అత్త.

ఆ మాట వినగానే ఆమెను ఎన్నడూ చూడనట్టు చూశాను. ఇన్నేళ్ళూ నా నీళ్ళు లెక్కపెట్టిన మనిషే. నన్ను అంటుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు, ఆమెకు ఏం తెలుసో ఎవరూ అడగలేదు. ఇద్దరికీ తేడా అంతే. ఆమె చెయ్యి గులాబీ అయింది. నా చేతులు ఎప్పుడో అయ్యాయి.

వాకిట్లో దగ్గు వినిపించింది. లతీఫుద్దీన్ గారు. ఆరేళ్ళ తర్వాత మా గడప దగ్గర నిలబడ్డారు. ఆయన మామ బనీను చూశారు, మీసం చూశారు, నవ్వు ఆపుకోవడానికి గడ్డం నిమురుకున్నారు. "నారాయణన్నా, రేకుల మీద పడ్డప్పుడే మంచిగుండె" అన్నారు. మామ తన బనీను చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయనకే నవ్వొచ్చింది, ముందు మీసంలో, తర్వాత పొట్టలో. "రా లతీఫు, లోపలికి రా. చాయ్ తాగుదాం" అన్నాడు. జేబా వాళ్ళ మామ వెనక నుంచి తొంగి చూసి నాకు కన్ను గీటింది.

చాయ్ అయింది. అప్పుడు మామ నావైపు తిరిగాడు. అత్తవైపు కాదు, నావైపు.

"సరితా. రేపటిసంది మోటరు నువ్వే చూసుకో బిడ్డ. నీకైతే మంచిగ ఎరుక."

పెళ్ళైన నాటి నుంచి ఆయన నోట నా పేరు వినలేదు. అది వచ్చింది, పక్కన బిడ్డ అని కూడా వచ్చింది, నా కళ్ళు చెమర్చాయి కూడా. కానీ ఆ పిలుపు చేతిలో ఒక పని ఉంది. తెల్లవారకముందు లేచి వంట, టిఫిన్ డబ్బాలు, స్కూలు, ఇప్పుడు మోటరు. తప్పు ఆయనదని తేలితే శిక్ష నాకు మెప్పులా వచ్చింది. శ్రీశైలం, "ఔ, సరిత అయితే మరువది" అన్నాడు. వాళ్ళు నిజంగానే నన్ను మెచ్చుకుంటున్నారు, అదే తమాషా. ఒక్క క్షణం సరే అనబోయాను. ప్రేమగా అడిగితే కాదనడం తిట్టినప్పుడు కాదనడం కంటే కష్టం.

"మోటరు మీదే మామా" అన్నాను. "వేసుడు మీరే, బంద్ చేసుడు సుత మీరే. పైపు మళ్ళ రేకుల మీదికే తిప్పుదాం. నిండంగనే చప్పుడైతది, ఎవలు మరువరు."

మామ లతీఫుద్దీన్ గారివైపు చూశాడు. "డప్పు కొట్టనీ అన్నా" అన్నారాయన. "లేస్తే నమాజుకన్న ఆల్చం కాకుంట పోత."

దసరా కాగానే మేస్త్రీ వచ్చాడు. పగలగొట్టడానికి కాదు, గుంజ బొక్కను కాంక్రీటుతో పూడ్చడానికి. చలికాలం వచ్చేసరికి గోడ ఆరింది. శ్రీశైలం దుకాణం నుంచి తెల్ల రంగు డబ్బా తెచ్చి, ఆ గులాబీ చార ఒక్కటీ పూసేస్తే బాగుంటుందన్నాడు. ఉండనీ అన్నాను. డబ్బా మంచం కిందే ఉంది. చుట్టాలు వచ్చి గోడ చూస్తే అత్త కథ మొదలుపెడుతుంది. ఆమె కథలో అది గుంజను పట్టుకుని కొడుకును కనడంతో మొదలవుతుంది, వినేవాళ్ళు మధ్యలో లేవడానికి వీలుండదు.

ఈ ఆదివారం తలస్నానం చేయాలని పొద్దున్నే బాత్రూంలోకి పోయాను. లోపల గొళ్ళెం పెట్టాను. కుంకుడు పులుసు, రెండు బకెట్లు, మూడో బకెట్ నల్లా కింద నిండుతోంది. పాత గుడ్డ ఎక్కడుందో కూడా తెలియదు. జుట్టు రుద్దుకుంటుంటే పైన రేకుల మీద మొదలైంది, ముందు టపటప, తర్వాత దడదడ, నిజంగానే డప్పే. ఇంట్లో అందరికీ వినిపిస్తోంది. "మోటరు, మోటరు" అని అవతల నుంచి జేబా నవ్వుతూ అరుస్తోంది. బయట మామ చెప్పులు వెతుక్కుంటూ ఎప్పటి అలవాటు కొద్దీ, "సరితా, జర మోటరు" అన్నాడు.

ట్యాంకు నిండింది. నేను ఇంకో చెంబు పోసుకున్నాను.